సుశీల టీచర్ గారి చేతి క్లచ్చు

పాత కార్ల క్లబ్బు వాళ్లు ఈసారి సావనీరులో నా ఫొటో వేశారు. దాని కింద రెండు మాటలు రాశారు. ‘ఉయ్యూరు చిన్న కారును పూర్వస్థితికి తెచ్చిన నిపుణుడు’ అన్నది ఒకటి. ‘క్లబ్బు నిబంధనలు రూపొందించిన అనుభవజ్ఞుడు’ అన్నది రెండోది. మొదటిది అబద్ధం, రెండోది నిజం. రెండూ చూసి సిగ్గుపడ్డాను. అందుకే ఇది రాస్తున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లు బాగుచేయడమే నా వృత్తి. మణికట్లు అరిగిపోయి, చేతిలో పానా నిలవడం మానేశాక, యాభై నాలుగో ఏట షెడ్డు వేరేవాళ్లకు అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. ఈమధ్య ఇంజనీరింగు చదివిన పిల్లలు కూడా ఈ పనిలోకి వస్తామని నా దగ్గరికి వస్తున్నారు. ముఖ్యంగా వాళ్ల కోసమే ఈ మాటలు. క్లబ్బు వాళ్లు చదివినా సంతోషమే. చదివి కోప్పడినా సంతోషమే. కార్ల కంపెనీల పేర్లు మాత్రం రాయను. మన జిల్లాల్లో అలాంటి కార్లు ఒకటీ అరా తప్ప లేవు. పేరు రాస్తే ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది.

ఒరిజినల్ అనే మాట గురించి

బయటివాళ్లు మా పనిని పాత కారుకు ప్రాణం పోయడం అంటారు. ప్రాణం సంగతి నాకు తెలియదు. మేం చేసేది తుప్పు గోకడం, రేకు కొట్టడం, లప్పం పెట్టడం, రుద్దడం, మళ్లీ పెట్టడం, మళ్లీ రుద్దడం. రోజంతా రుద్దిన చోట సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే సొట్ట కనిపిస్తుంది. మర్నాడు మళ్లీ మొదలు. తాతగారి కారు అని కళ్లనీళ్లు పెట్టుకుని తెచ్చిన మనిషికి తాతగారు ఏ రంగు వేయించారో తెలియదు. ఇంకొకాయనకు కూతురి పెళ్లి ఊరేగింపులోపు కావాలి, ఇంజను లేకపోయినా పర్వాలేదు.

ఇలా తయారైన కారును క్లబ్బులో ఒరిజినల్ అంటారు. అందులో కాళ్ల కింద రేకు మొన్న ఆటోనగర్‌లో కొట్టింది. రంగు కంప్యూటర్ కలిపి ఇచ్చింది. తలుపు రబ్బరు లారీది, కోసి అతికించాం. సీటు గుడ్డ సోఫాలు కుట్టే కొట్లో దొరికింది. ఇవన్నీ క్లబ్బు పోటీల జడ్జీ కంటికి ఆనవా అని మీరు అడగొచ్చు. చాలా ఏళ్లు ఆ జడ్జీని నేనే. షెడ్డులో నేను చేసిన కారుకు, మైదానంలో నేనే మార్కులు వేసేవాణ్ణి. అప్పట్లో ఇది ఎవరికీ తప్పనిపించలేదు, నాతో సహా.

వెంకటరత్నం గారి పట్టుదలలు

నాకు పని నేర్పింది వెంకటరత్నం గారు. బస్సు బాడీలు కట్టే షెడ్డు ఆయనది. పక్కన ఓ రేకుల పంచలో పాత కార్లు చూసేవారు. మనిషి నోరు మంచిది కాదు. కూలీ మాత్రం వేళకిచ్చేవారు. ఆయనకు రెండు పట్టుదలలుండేవి.

మొదటిది, వచ్చిన కారును ఉన్నది ఉన్నట్టు ఒకసారి నడపందే పానా పట్టనిచ్చేవారు కాదు.

“ఏరా శేషూ, నడిపావా?”

“స్టార్టే అవ్వట్లేదండీ.”

“అయితే తోయించు. స్టీరింగ్ పట్టుకుని నువ్వు లోపల కూర్చో. ఎటు లాగుతుందో నీ చేతికి తెలియాల. ఒక్క నట్టు విప్పావంటే, ఇంక అది నీతో మాట్లాడదు.”

రెండోది గోతం. కారులోంచి తీసిన ప్రతి ముక్కా, వంకరపోయిన బోల్టుతో సహా, ఒక గోతంలో వేసి, మూతి కట్టి, డిక్కీలో పెట్టి పంపాలి. ఓనర్లు విసుక్కునేవారు. “ఈ చెత్త మాకెందుకండీ?” అంటే ఆయన, “మీ చెత్తేనండీ, మా షెడ్లో ఎందుకు?” అనేవారు. మంచి సామాను నొక్కేసి పాతది బిగించాడన్న మాట పడటం కంటే ఆటోనగర్‌లో పెద్ద అవమానం లేదు. అందుకే ఈ గోతం అనుకునేవాణ్ణి. సొంత షెడ్డు పెట్టాక గోతం అలవాటు నాతో వచ్చింది. మొదటి పట్టుదల మాత్రం పనుల తొందరలో జారిపోయింది.

మైలవరం టాక్సీ

మైలవరం నుంచి నా దగ్గరికి ఒక పెద్ద అమెరికన్ కారు వచ్చింది. పెట్రోలు ఖర్చు భరించలేక దాని ఓనరు ఎప్పుడో డీజిల్ ఇంజను ఎక్కించాడు. వెనక అదనంగా ఇంకో బెంచీ సీటు వేశాడు. మైలవరం, విజయవాడ మధ్య టాక్సీగా తిప్పాడు. మామిడికాయల రోజుల్లో డిక్కీ మూత తాడుతో కట్టి బుట్టలు తెచ్చేవాడట. కృష్ణా జిల్లాలో అప్పట్లో పెద్ద కార్లు బతికి బట్టకట్టింది ఇలాంటి డీజిల్ ఇంజన్ల వల్లే. ఆ ఇంజన్లు లేకపోతే వాటిని ఎప్పుడో తుక్కుకు కోసేసేవాళ్లు.

దాన్ని కొన్న వ్యాపారి గారు ఫ్యాక్టరీలో ఉన్నట్టే కావాలన్నారు. డీజిల్ ఇంజను పీకాను, బెంచీ తీసేశాను, ఊళ్లు తిరిగి పాత పెట్రోలు ఇంజను తెచ్చి బిగించాను. మొదటి బహుమతి వచ్చింది. ఆ కారు ఇప్పుడు ప్రతి ర్యాలీకీ లారీ మీద వస్తుంది. కిందికి దించి, మైదానంలో ఒక చుట్టు తిప్పి, మళ్లీ లారీ ఎక్కిస్తారు. ఊళ్ల మధ్య రోజూ తిరిగిన బండిని నేను అలా చేశాను.

ఆ బహుమతి మత్తులోనే క్లబ్బు కమిటీలో కూర్చుని రూలు రాశాను. ‘ఫ్యాక్టరీ నుంచి వెలువడిన రూపంలో ఏ మార్పు చేసిన వాహనమైనా అర్హం కాదు.’ ‘ఏ మార్పు చేసినా’ అన్న ముక్క ఇంకెవరిదో కాదు, నాదే. గట్టిగా ఉంటుందని పెట్టాను.

కూర్చుని దిగిపోయిన కారు

ఆ తర్వాత ప్రదీప్ వచ్చాడు. బెంజ్ సర్కిల్ దగ్గర కార్ల అలంకరణ సామాను కొట్టు అతనిది. వాళ్ల మేనత్త మేరీ సుశీల గారు, ఉయ్యూరు అవతల కాలవగట్టు ఊళ్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమెకు ఎడమకాలు పనిచేయదు. ఆమె తండ్రి ఆస్పత్రిలో కాంపౌండరు. ఒక డాక్టరు గారి పాత ఇంగ్లీషు కారు కొని, కూతురు తానే నడుపుకునేలా మార్పించాడు. క్లచ్ పెడల్ తీసేసి, సీటుకూ తలుపుకూ మధ్య నిలువుగా ఒక లివరు పెట్టించాడు. పొలాల్లో పురుగుమందు కొట్టే పాత చేతిపంపు పిడి అది. కుడిచేత్తో దాన్ని వెనక్కి లాగితే క్లచ్ పడుతుంది. ఎడమచేత్తో గేరు మార్చుకోవాలి. బ్రేకు, యాక్సిలరేటరు కుడికాలికే ఉంచారు. ఆమె ఆ కారులోనే ఉద్యోగమంతా చేశారు.

కారు ట్రక్కు మీద వచ్చింది. ప్రదీప్ లివరు చూపించి అడిగాడు.

“అంకుల్, ఈ రాడ్డుంటే క్లబ్బులో తీసుకోరంట గదా?”

“తీసుకోరు. రూలు రాసింది నేనే.”

“అయితే పీకెయ్యండి. అత్తయ్యకి సర్‌ప్రైజిద్దామని. రంగేయించడానికని చెప్పి తెచ్చాను.”

“ఆవిడ మళ్లీ నడుపుతారేమో?”

“ఇప్పుడేం నడుపుద్దంకుల్. కళ్లాపరేషనయ్యింది.”

నేను అంతటితో ఆగాను. కంటి ఆపరేషన్ చేసేదే మళ్లీ చూడటానికని నాకు తట్టలేదు. నిజానికి ఆ కారు నడుస్తూనే ఉంది, తాళం తిప్పితే స్టార్టయ్యేది. సీట్లో కూర్చున్నాను. ఎడమకాలు పెడల్ కోసం వెతికింది, లేదు. ఆ లివరుతో తోలడం నాకు చేతకాదు. దిగిపోయి, లోపలికి తోయమని పనివాళ్లకు చెప్పాను. వెంకటరత్నం గారు ఉండుంటే ఆ రోజు నన్ను షెడ్డులోంచి గెంటేసేవారు.

లివరు విప్పుతున్నప్పుడు పిడి మీద చెక్క ఒకపక్కకు అరిగి ఉండటం చూశాను. లోపలివైపు నాలుగు వేళ్ల గుంటలు. చూశాను, గోతంలో వేశాను. కొత్త పెడల్ బిగించాను.

క్లబ్బు పోటీలో ఆ కారుకు మొదటి బహుమతి వచ్చిన రోజున ప్రదీప్ ఆమెను తీసుకొచ్చాడు. చేతికర్రతో నెమ్మదిగా వచ్చారు.

“కూర్చో అత్తయ్యా, ఫొటో దిగుదాం.”

ఆమె డ్రైవరు సీట్లో కూర్చున్నారు. కుడిచెయ్యి దానంతట అదే కిందికి వెళ్లింది. తలుపు పక్కన ఏమీ తగల్లేదు. ఇంకోసారి తడిమారు.

“లివరేదిరా?”

“ఒరిజినల్ చేయించానత్తయ్యా! ఫస్ట్ ప్రైజ్!”

ఆమె తల తిప్పి నన్ను చూశారు. “మీరేనా అండీ చేసింది?”

“అవునండీ.”

“శుభ్రంగా చేశారు. తుప్పంతా పోయింది. దాంతోపాటు నేనూ పోయాను.”

నేను నవ్వాను. ఏం చేయాలో తెలియక నవ్వాను. ఇంటికెళ్లి మా ఆవిడతో, పెద్దావిడకు పాతకార్ల విలువ తెలియదులే అన్నాను. పశ్చాత్తాపం వెంటనే వచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ, రాలేదు. అది నా మణికట్ల నుంచి వచ్చింది. షెడ్డు వదిలేశాక స్కూటరు క్లచ్ కూడా నొక్కలేకపోయాను. నాకు తెలిసిన మెకానిక్ ఒకతను లివరు వంచి, వేళ్లకు దగ్గరగా జరిపి, కేబులు మార్చి ఇచ్చాడు. ఆ రోజు మంగళగిరి దాకా వెళ్లొచ్చాను, పని లేకపోయినా. తిరిగొస్తుంటే వారధి మీద గుర్తొచ్చింది, తలుపు పక్కన గాలిని తడిమిన ఆ చెయ్యి.

గోతం తిరిగొచ్చింది

వెళ్లి క్షమాపణ చెప్పాలని అనుకుంటూనే ఉన్నాను. నేను వెళ్లకముందే ఆమె వచ్చారు, ఆటోలో, పక్కన గోతంతో.

“అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి” అన్నారు, గడపలోంచే.

“ఇంకా దాచారా అండీ?”

“మా ప్రదీపు పాతసామానోడికి ఇవ్వబోయాడు. మంచం కిందకి తోయించాను.”

“నేను పని మానేశానండీ.”

“తెలుసు. నేనూ మానేశాను, నా అంతట నేను కాదుగానీ.”

నేను చెప్పాలనుకున్నదంతా చెప్పాను. ఆమె విని, “సరే, ఎప్పటికవుద్ది?” అన్నారు.

నా చేతులతో నట్లు బిగియవు కాబట్టి ఒక మనిషిని పెట్టుకుని, పక్కన కూర్చుని, పెడల్ తీయించి లివరు తిరిగి పెట్టించాను. ఆమె లైసెన్సులోనూ కారు కాగితాల్లోనూ ఆ మార్పు ఎప్పుడో ఎక్కింది. రవాణా ఆఫీసు ఒప్పుకున్నదాన్ని ఒప్పుకోనిది మా క్లబ్బొక్కటే. కళ్ల డాక్టరు నడపొచ్చని రాసిచ్చాడు. ప్రదీప్‌కే గుబులు పట్టుకుంది.

“ప్రైజు వెనక్కి తీసుకుంటారత్తయ్యా.”

“తీసుకుపోనీరా. షోకేసులో జాగా ఖాళీ అవుద్ది.”

ఆమె కోరిక ఒక్కటే. తన కారును, తన చేత్తో, అందరి కార్లతో కలిపి ఒక్కసారి ర్యాలీలో నడపాలి. “నేను లేకుండా దానికి ప్రైజిచ్చారు. నేనుంటే ఏమిస్తారో చూద్దాం” అన్నారు.

ఎక్కడ గీత గీస్తారు?

కమిటీ ముందు నిలబడి, నేను రాసిన రూలు నేనే మార్చమని అడిగాను. అధ్యక్షులు నెమ్మదస్తులు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే.

“శేషగిరి గారూ, ఇవాళ లివరంటారు. రేపొకడు పాత బాడీ కింద కొత్త కారంతా దూర్చి, ఏసీ పెట్టి, అలాయ్ వీల్సేసి, ఇదీ పాత కారే అంటాడు. ఎక్కడండీ గీత గీసేది?”

గీయడం కష్టమే, ఒప్పుకుంటాను. అలాంటి బండ్లు నేనూ చూశాను. పాత కారులో డిక్కీ నిండా స్పీకర్లు పెట్టుకొచ్చినవాడు ఒకడున్నాడు. అతను పాట పెడితే పక్క కారు అద్దాలు అదిరేవి. నాకది నచ్చదు. కానీ ఆ కుర్రాణ్ణి కూడా గేటు బయట పెట్టాల్సిన పనిలేదు. చివర వేరే వరుసలో నిలబెట్టి, ఏం మార్చాడో బోర్డు మీద నిజం రాయమంటే చాలు. జడ్జీ చూడాల్సింది వేరే. ఆ మార్పు ఎవరి కోసం చేశారు? దాంతో కారు ఏ పని చేసింది? ఎన్నాళ్లు తిరిగింది? కారు బతకడానికీ, మనిషి దాన్ని వాడుకోవడానికీ చేసిన మార్పు ఆ కారు చరిత్రలో భాగం. దాన్ని పీకేస్తే మిగిలేది షోరూము బొమ్మ. తెలియాలంటే అడగాలి, నడపాలి. అది శ్రమ. ‘ఏ మార్పు చేసినా’ అని రాసుకుంటే ఆ శ్రమ ఉండదు. నేను రాసింది అందుకే.

“మీ కారు అడుగు రేకంతా నేను కొట్టిందే కదండీ” అన్నాను.

“అది రిపేరండీ. మార్పు కాదు.”

“మీ బండిది రిపేరూ, టీచరు గారిది మార్పూనా?”

తర్వాత మీటింగులో చూద్దామన్నారు. ఆ తర్వాతి మీటింగులో టీ, సమోసాలు మాత్రమే అయ్యాయి.

మంగళగిరి దారి

మొన్నటి ర్యాలీ విజయవాడ నుంచి మంగళగిరికి. తెల్లారే సరికి సుశీల గారు ఉయ్యూరు వైపు నుంచి కారు తానే తోలుకుంటూ వచ్చేశారు. గేటు దగ్గర కుర్రవాడు వంగి లోపలికి చూసి, లివరు మీద వేలు పెట్టి, “మార్పుందండీ, ర్యాలీ నంబరు ఇవ్వం” అన్నాడు. నేను నేర్పిన చూపే అది. నేను గట్టిగా మాట్లాడబోతే ఆమె చెయ్యి ఎత్తి ఆపారు.

“రోడ్డు మీ క్లబ్బుది కాదుగా, బాబూ?”

“కాదండీ.”

“ఎక్కండి శేషగిరి గారూ.”

అందరి వెనక బయల్దేరాం. బెంజ్ సర్కిల్ దగ్గర పోలీసులు క్లబ్బు కార్ల కోసం సిగ్నల్ ఆపి దారి ఇచ్చారు. మేం వచ్చేసరికి ఎర్రలైటు పడింది. నంబరు లేని కారు కదా, ఆటోల మధ్య ఆగాం. ఆమెకు అదేం పట్టలేదు. “ఇక్కడ గేరు తీసి ఉంచాలి. లేకపోతే చెయ్యి లాగుద్ది” అని చెప్పారు. పచ్చలైటు పడగానే లివరు ఎంత మెత్తగా వదిలారంటే, కారు కదిలిన సంగతి పక్కన ఆటో వెనక్కి పోతుంటే తెలిసింది.

వారధి దాటాక రోడ్డు పక్కన అధ్యక్షుల కారు ఆగి ఉంది. రేడియేటరు మరిగి పొగ కక్కుతోంది. ఏడాదికోసారి బయటికి తీసే కార్లకు ఇది మామూలే. ఆమె పక్కకు తీసి ఆపారు.

“నీళ్లు కావాలాండీ?”

“అబ్బే, పర్లేదండీ.”

“పర్లేకపోతే ఆ పొగేంటండీ? శేషగిరి గారూ, వెనక సీట్లో డబ్బా ఉంది, ఇవ్వండి. ఒరిజినల్ నీళ్లేనండీ, కృష్ణవే.”

ఆయన నవ్వలేక నవ్వి డబ్బా తీసుకున్నారు. థాంక్స్ చెప్పారు. రూలు ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంజను చల్లారేదాకా ఉండి బయల్దేరాం.

మంగళగిరిలో మైదానం గేటు దగ్గర వాచ్‌మన్, “విజిటర్స్ పార్కింగ్ అటేపమ్మా” అన్నాడు. అటే వెళ్లి, మోటారు సైకిళ్ల పక్కన ఆపారు. లోపల మైకులో కార్ల పేర్లు చదువుతున్నారు. ఆమె కాసేపు విని, చేతికర్ర తీసుకుని దిగి, ఇటువైపు వచ్చి నా తలుపు తీశారు.

“మీరోసారి తోలండి.”

“నేనా?”

“ఎప్పుడూ తోల్లేదుగా. తీసెయ్యడమేగా చేశారు?”

కూర్చున్నాను. ముప్పై ఏళ్లు కార్ల మధ్య బతికిన మనిషిని. లివరు లాగి గేరు వేశాను. లేని పెడల్‌ను నా ఎడమకాలు తొక్కబోయింది. చెయ్యి తొందరపడి వదిలేసింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ ఆగింది. పల్లీలమ్మే ఆయన బండి వెనక్కి లాక్కున్నాడు.

పక్కసీట్లో ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. “ఏవండీ జడ్జీ గారూ, ఎన్ని మార్కులేసుకుంటారు?”

“సున్నా అండీ.”

“చెయ్యి బిగబట్టకండి. ఆ పిడిలో గుంటలున్నాయి చూడండి, వేళ్లు అందులో పెట్టండి. అవే చెప్తాయి.”

పెట్టాను. నెమ్మదిగా వదిలాను. కారు కదిలింది. పార్కింగు చివరిదాకా వెళ్లి, తిప్పుకుని వచ్చాను. ఆ కారును నేను చూడటం ఆరోజే మొదలు.

పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదే. ముందు నడపండి. నడపడం రాకపోతే, నడిపేవాళ్లను అడిగి నేర్చుకోండి. ఆ తర్వాత పానా పట్టండి. తీసింది పారేయకండి.

క్లబ్బు వారికి: ఉయ్యూరు చిన్న కారును నేను పూర్వస్థితికి తేలేదు. దాని పూర్వస్థితిని పీకి గోతంలో కట్టాను. వచ్చే సావనీరులో ఈ మాట వేయండి. ‘ఏ మార్పు చేసినా’ అన్న నా ముక్కను కొట్టేయండి. కొట్టేయకపోయినా వచ్చే ర్యాలీకి ఆ కారు వస్తుంది. ఆమె నడుపుతారు, నేను పక్కన ఉంటాను. ఆపదలచుకున్నవారు ముందు ఆ సీట్లో కూర్చుని, దాన్ని గేటు దాకా నడిపి చూపించండి. అప్పుడు ఆపండి.